నిషిద్ధ నగరంలో గ్రూప్ ఫోటో

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన ఆధ్యాత్మిక సాధనలన్నింటిలోకీ ఉత్తమమైనది గ్రూప్ ఫోటో. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు తత్వశాస్త్రం బోధించి, రిటైరై, ఈ మధ్యనే బీజింగ్ వెళ్ళి, అక్కడి ప్రాచీన రాజప్రాసాదంలో మూడు గంటలు గడిపి వచ్చిన మీదట అంటున్నాను.

గ్రూప్ ఫోటో అంటే మీలో కొందరికి చిరాకని నాకు తెలుసు. పెళ్ళిలో భోజనానికి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాగుతారనీ, పాపికొండలు చూద్దామని లాంచీ ఎక్కితే కొండలకు అడ్డంగా నలభై మంది నిలబడతారనీ మీ ఫిర్యాదు. సరే, ఒక్క క్షణం ఆలోచించండి. ఆ కొండలు అడ్డం లేకుండా కనిపిస్తే మీరేం చేద్దామనుకున్నారు?

చూడటం ప్రమాదకరమైన పని. తనకంటే పెద్దదాని ముందు మనిషి ఒంటరిగా నిలబడితే ప్రశ్నలు పుడతాయి. నేనెవరిని? ఎందుకొచ్చాను? ఇన్నాళ్ళూ ఏం చేశాను? ప్రాచీన ఋషుల నుంచి నిన్నమొన్నటి జర్మన్ పండితుల దాకా ఈ ప్రశ్నలకు నాకు తృప్తి కలిగేలా ఎవరూ జవాబు చెప్పలేదు. గ్రూప్ ఫోటో చెబుతుంది. నేనెవరిని? రెండో వరసలో ఎడమ నుంచి మూడోవాణ్ని. ఇంతకంటే స్పష్టమైన ఆత్మజ్ఞానం ఏ గురువిచ్చాడు?

నా చైనా ప్రయాణం ఎలా కుదిరిందో చెప్పాలి. మా వియ్యంకుడు రంగరాజు గారు భీమవరం దగ్గర రొయ్యల మేత డీలరు. ఆ ఏడాది బాగా అమ్మిన డీలర్లనూ, బాగా వాడిన రైతులనూ కంపెనీవారు కుటుంబాలతో సహా చైనా తీసుకువెళ్ళారు. ఒకాయన మానుకోవడంతో ఒక సీటు మిగిలింది. ఖాళీ సీటును వియ్యంకుడికి చూపించకపోవడం మర్యాద కాదు. చూపించిన సీటును వియ్యంకుడు వద్దనడం కూడా మర్యాద కాదు. మా డెల్టాలో లోకం ఇలాగే నడుస్తుంది.

అయితే వెళ్ళడానికి నాకూ ఒక కారణముంది. ఆ ప్రాసాదాన్ని నిషిద్ధ నగరమంటారు. అందులో చక్రవర్తి మందిరానికీ మహారాణి మందిరానికీ నడుమ ఒక చిన్న మందిరం ఉంది. దానిలో సింహాసనం పైన ఒక ఫలకం వేలాడుతుంది. దాని మీద రెండే అక్షరాలు: ‘వు వేయ్’. పనిగట్టుకుని ఏమీ చేయకుండా ఉండటమని స్థూలంగా అర్థం. సర్వాధికారాలూ చేతిలో ఉన్నవాళ్ళు ఆ మాటను ఏరికోరి తమ ఇంట్లో తగిలించుకున్నారు!

ఆ రెండక్షరాల గురించి ఏటా పాఠం చెప్పాను, అటెండెన్స్ కోసం వచ్చి కూర్చున్న పిల్లలకు. ఒక్కసారి ఆ ఫలకం ముందు ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడాలని నా కోరిక. అంతకుమించి చైనాలో నాకేమీ పని లేదు. విమానంలో ఈ సంగతి రంగరాజు గారితో చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. “ఏమీ చేయకుండా నిలబడ్డానికి ఇంత దూరం ఎందుకండి బావగారూ? మా చెరువు గట్టు మీద కుర్చీ వేయించేవాణ్ని కదండి,” అన్నారు. నా మొహం చూసి, వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. “అలాగేనండి. తమరి ఐదు నిమిషాలు నా పూచీ. సరేనా అండి?”

సరేనన్నాను.

ఉదయం తొమ్మిదింటికి దక్షిణ ద్వారం దగ్గర దిగాం. మా గైడు లీ అనే అమ్మాయి. మావాళ్ళు అప్పటికే ఆమెను లీలగారిని చేసేశారు. ఆ అమ్మాయి చిన్న జెండా పైకెత్తి ఇంగ్లీషులో రెండు సంగతులు చెప్పింది. దక్షిణాన లోపలికి వెళ్ళి ఉత్తరాన బయటికి రావాలి. సరిగ్గా పన్నెండింటికి ఉత్తర ద్వారం దగ్గర బస్సు ఎక్కకపోతే ఇండియన్ హోటల్లో మన బల్లలు వేరే బృందానికి ఇచ్చేస్తారు.

నేను లెక్క వేసుకున్నాను. నా మందిరం ఉత్తరపు కొసకు దగ్గరగా ఉంది. మూడు గంటల సమయముంది. మామూలు నడక చాలు.

అప్పుడు తొలి గ్రూప్ ఫోటో ప్రస్తావన వచ్చింది.

నాకు ఫోటోల మీద ఆసక్తి లేదు. నా చేతిలో ఫోను కూడా లేదు. ఈ రెండు సుగుణాలే నన్ను ఫోటోగ్రాఫర్ని చేశాయి. “బావగారూ, తమరి చేతులు ఖాళీగానే ఉన్నాయి కదండి,” అని రంగరాజు గారు తన ఫోను నా చేతిలో పెట్టారు. వియ్యంకుడి మాట కాదనే ఆచారం మావైపు లేదు. తీశాను.

తీసిన తర్వాత మొగల్తూరు డీలరు ప్రసన్నకుమార్ గారు టాయిలెట్ నుంచి వచ్చారు.

తాను లేకుండా ఫోటో అయిపోయిందని ఆయనకు తెలిసింది. ఆయన కేకలు వేయలేదు. వెళ్ళి ఒక రాతి మెట్టు మీద కూర్చుని ఆకాశం వంక చూశారు. గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి ఈ చూపు ఎంత ప్రమాదకరమో చెప్పనక్కర్లేదు. పెళ్ళి ఆల్బంలో తప్పిపోయిన మేనమామలు పదేళ్ళపాటు ఆ ఇంటి గుమ్మం తొక్కని సందర్భాలు మన అందరి కుటుంబాల్లోనూ ఉన్నాయి.

“కానిచ్చేశారుగా. కానివ్వండి. నాదేముందండి, నేనిక్కడ కూర్చుంటాను. మీరు చూసుకుని రండి,” అన్నారు ప్రసన్నకుమార్ గారు.

“అయ్యో, తమరు లేకుండా ఫోటో ఏంటండి? అది ఉత్త రిహార్సలండి,” అన్నారు రంగరాజు గారు.

“రిహార్సల్లో అందరూ నవ్వుతున్నారేంటండి మరి?”

అలక తీరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆపైన బృందమంతా ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసుకుంది. ఇకముందు ఏ ఫోటోలోనూ ఏ ఒక్కరూ తప్పిపోకూడదు. ముందు తలలు లెక్కపెట్టాలి. ముప్పై ఒక్క తలలు సరిపోతేనే ఫోటో.

ఎంత ఉదాత్తమైన ఆశయమో గమనించండి. ఒక్కరినీ వదలకుండా అందరితో కలిసి తరించాలన్న కోరిక! దీనికోసం మహానుభావులు మతాలు స్థాపించారు. మావాళ్ళకు ఒక అలక సరిపోయింది.

ఆచరణలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ముప్పై ఒక్కరు ఏకకాలంలో ఒకచోట ఉండటం ప్రకృతి విరుద్ధం. ఇద్దరు నీళ్ళ కోసం వెళ్తారు. వాళ్ళను పిలవడానికి ఒకరు వెళ్తారు. పిలవడానికి వెళ్ళినవారు అక్కడ సొంతంగా ఇంకో ఫోటో తీసుకుంటుంటారు. వరసలో నిలబడ్డవారు అప్పటిదాకా పెట్టుకున్న నవ్వును జాగ్రత్తగా మడిచి దాచుకుని, మళ్ళీ లెక్క మొదలవగానే బయటికి తీస్తారు. మూడో ప్రాంగణానికి వచ్చేసరికి లీ కూడా తెలుగులో ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టడం నేర్చుకుంది. “ఇరవై తొమ్మిది, ముప్పై,” అని ఆగి, “ఒక్కరు లేరండి,” అనేది, అచ్చం మా యాసలో.

రెండో ఇబ్బంది ఫోన్లు. నరసాపురం దగ్గర రైతు బుల్లియ్య గారు తన ఫోను కూడా నాకందించారు. ఒక ఫోన్లో తీసి అందరికీ పంపుకోవచ్చు కదా అన్నాను.

“పంపుతానంటారండి. పంపరండి,” అన్నారాయన. ఆ గొంతులో ఎన్నో పెళ్ళిళ్ళ అనుభవం ఉంది.

ఆ మాట విని మరి కొందరికి జ్ఞానోదయమైంది. నా చేతుల్లోనూ, మెడలో వేసిన తాళ్ళకూ కలిపి తొమ్మిది ఫోన్లు చేరాయి. ప్రతి దృశ్యాన్నీ తొమ్మిదిసార్లు తీయాలి. పదేపదే చేసే పనివల్ల మనసు నిర్మలమవుతుందని పెద్దలన్నారు. నాది నిర్మలమవుతున్నదో లేదో చూసుకునే తీరిక నాకు దొరకలేదు.

తర్వాత ప్రధాన ప్రాంగణం. అంత విశాలమైన ఖాళీని నేనింతకుముందు చూడలేదు. ఒక్క చెట్టు లేదు. తెల్లటి రాతి మెట్ల మీద, ఎర్రటి స్తంభాల మీద, పసుపుపచ్చని పెంకుల కప్పు ఒకటి ఆకాశాన్ని నెడుతూ నిలబడి ఉంది. పూర్వం ఇక్కడ వందల మంది అధికారులు హోదాను బట్టి వరసలు కట్టేవారనీ, ఎవరెక్కడ నిలబడాలో నేలమీద గుర్తులుండేవనీ లీ చెప్పింది. ఆ సంగతి విన్నది నేనొక్కణ్నే. నేను కూడా ఒక కన్ను మూసుకుని విన్నాను, రెండోది ఫోన్లో ఉంది.

చూశారా! చక్రవర్తుల కొలువు అంటే నిత్య గ్రూప్ ఫోటో. కెమెరా ఒక్కటే తక్కువ. ఐదు శతాబ్దాలపాటు ఆ ఒక్క పరికరం కోసం ఎదురుచూసి, అది వచ్చే సమయానికి వాళ్ళు సామ్రాజ్యం పోగొట్టుకున్నారు. ఆ లోటు తీర్చడానికే కాలం మా భీమవరం వాళ్ళను అక్కడికి పంపిందని నేను అనుకుంటున్నాను.

అయితే వాళ్ళకున్న సౌకర్యం మాకు లేదు. మాకు నేలమీద గుర్తుల్లేవు, మర్యాద మాత్రమే ఉంది.

“తమరు మధ్యలోకి రండి.”

“అబ్బే, పెద్దలు తమరుండగా నేనేంటండి.”

“నేను పక్కనుంటాను లెండి. ప్రసన్నకుమార్ గారిని నిలబెట్టండి.”

“నాకెందుకండి మధ్య. నన్నో మూల ఉంచితే చాలు, ఉంచడం మర్చిపోకుండా ఉంటే.”

ఇలా ఎవరికివారు అంచులకు జరుగుతూ పోగా, వరస ఇటూ అటూ సాగి, సరిగ్గా నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. ఆ రోజు నేను తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ ఖాళీ ఉంది. శూన్యాన్ని మధ్యలో ప్రతిష్ఠించి, దాని చుట్టూ వినయంగా నిలబడిన ఇలాంటి సమాజం మరొకటి ఉంటుందా?

“అన్నయ్యగారూ,” అన్నారు రంగరాజు గారి భార్య అలివేలుమంగ గారు, “కాళ్ళు కట్ కాకుండా చూడండి. కాళ్ళు లేని ఫోటో ఇంట్లో పెట్టుకోకూడదంటారు. చీరల అంచులు కూడా పడాలి కదండి.”

అందువల్ల కాళ్ళు పడ్డాయి. చెప్పులు పడ్డాయి. అంచులు పడ్డాయి. కింద అంత చోటు ఇచ్చాక పైన చోటెక్కడిది? ఆ ఫోటోలు చూసి ఆ ప్రాసాదపు బండరాళ్ళ గురించి ఎవరైనా పుస్తకం రాయవచ్చు. దానికి పైకప్పు ఉందని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు.

పదకొండుంపావుకు మేము గంగాళాల దగ్గరున్నాం. మనిషి మునిగేంత పెద్ద లోహపు గంగాళాలవి. చెక్క మందిరాలకు నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు నింపి ఉంచేవారట. లీ ఇంకా చెబుతూనే ఉంది. బుల్లియ్య గారు గంగాళం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలితో తట్టి, వంగి లోపలికి చూశారు.

“ఇందులో సీడు ఎంత పోయొచ్చంటారు రంగరాజు గారూ?”

“మంచి గాలి పెడితే లక్ష పిల్ల నిలుస్తుందండి.”

“లక్ష నిలవదండి. అడుగు చూడండి, ఎలా ఉందో. మురుగు దిగే దారి లేదు.”

రొయ్యపిల్లల గురించి చర్చ పదిహేను నిమిషాలు సాగింది. చక్రవర్తులకు నీటి నిర్వహణ తెలియదని ఒక అభిప్రాయానికి వచ్చాక, గంగాళంతో గ్రూప్ ఫోటో. ఇరవై తొమ్మిది, ముప్పై. ఒక్కరు లేరండి.

నేను గడియారం చూశాను. పదకొండూ ముప్పై ఐదు. నా మందిరం ఇంకా ఒక ద్వారానికి అవతల ఉంది. ‘నేను ముందు నడుస్తాను’ అన్న మూడు మాటలు నా గొంతు దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే అలివేలుమంగ గారు, “ఇంకొక్కటి అన్నయ్యగారూ, దీంట్లో ఈయన పక్కకి చూశారు,” అన్నారు. మూడు మాటలూ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి.

పాఠకులు అడగవచ్చు: మాస్టారూ, నోరు తెరిచి చెప్పవచ్చు కదా? చెప్పవచ్చు. ముప్పై ఏళ్ళపాటు స్వేచ్ఛాసంకల్పం మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి తప్పకుండా చెప్పవచ్చు. స్వేచ్ఛాసంకల్పం ఉందా లేదా అన్న వివాదంలో వియ్యంకుణ్ని ప్రవేశపెట్టి ఎవరూ పరీక్షించలేదన్నదే నా మనవి.

పదకొండూ నలభై ఎనిమిదికి లీ జెండా ఊపింది. బృందం ఉత్తరాన ఉన్న తోటవైపు కదిలింది. దారిలో, ఒక పక్కగా, నా మందిరం. రంగరాజు గారు మాట మరిచిపోలేదు. “బావగారూ, అదేనంట. తమరు వెళ్ళండి. మేము తోటలో ఉంటాం,” అన్నారు.

తొమ్మిది ఫోన్లు తొమ్మిది మందికి అప్పగించాలి. ప్రతి ఒక్కరూ రెండు చేతులతో అందుకుని, “చాలా శ్రమ ఇచ్చామండి,” అన్నారు. “ఎంత మాటండి,” అని ప్రతి ఒక్కరికీ నేను జవాబు చెప్పాను. మరో నాలుగు నిమిషాలు పోయాయి.

మందిరం గుమ్మం దగ్గర కంచె. లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వరు. అక్కడి జనం వెనక నిలబడ్డాను. మెల్లగా ముందుకు చేరాను. లోపలంతా మసక. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకు మొదట ఏమీ ఆనలేదు. కాసేపటికి సింహాసనం ఆకారం తెలిసింది. దాని పైన చీకట్లోంచి ఒక చెక్క అంచు తేలింది. చేతులు ఖాళీ. మెడ ఖాళీ. పక్కన మావాళ్ళెవరూ లేరు. నా లోపల ఏదో నెమ్మదిస్తున్నట్టనిపించింది.

“బావగారూ!”

వెనక్కి చూశాను. ముప్పై ఒక్కరూ తోటలోంచి వెనక్కి పరిగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు అలివేలుమంగ గారు, చేతిలో ఫోను. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

“అన్నీ చూసుకుంటున్నానండి అన్నయ్యగారూ. ఒక్కదాంట్లో కూడా మీరు లేరు. ఒక్కదాంట్లో కూడా. ఇంటికెళ్ళి వదినగారికి ఏం చెప్పనండి? మా ఆయన్ని తీసుకెళ్ళి ఫోటోలు తీయించుకుని పంపారా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

ప్రసన్నకుమార్ గారు రొప్పుతూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. “ఒక్క ఫోటోలో నన్ను వదిలేస్తేనే అంత చేశానండి నేను. తమర్ని అన్నింట్లోనూ వదిలేశాం. ఒక్క మాట అనలేదు చూడండి. అదండి పెద్దరికమంటే.”

“అయ్యో, నాకు అలాంటి పట్టింపులేమీ లేవండి,” అన్నాను.

మంచి మాట. ముప్పై ఏళ్ళ చదువుకు తగిన మాట. పాఠకులతో అబద్ధం ఆడలేను కనుక దాని వెనకున్నది కూడా చెబుతాను. ఆ ఉదయం దక్షిణ ద్వారం నుంచి మొదలుపెట్టి, ప్రతి ఫోటోకీ ముందు, వరస సర్దుకుంటున్న ప్రతిసారీ, ‘మీరూ రండి మాస్టారూ’ అని ఎవరో ఒకరు పిలుస్తారని చూశాను. లీ ముప్పై ఒకటితో లెక్క ఆపిన ప్రతిసారీ నాలో ఏదో చిన్నగా గుచ్చుకుంది. ప్రసన్నకుమార్ గారు రాతి మెట్టు మీద కూర్చుని అలిగారు. నేను నిలబడి, నవ్వుతూ, మూడు గంటలు అలిగాను. గ్రూప్ ఫోటో మీద నాకున్న తగువంతా అదే.

వరస కట్టారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఎప్పటిలాగే ఏర్పడింది. నన్ను తెచ్చి అందులో నిలబెట్టారు. ఫోను లీ తీసుకుంది. వేలితో గాలిలో తలలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాతి అంకె ఆ అమ్మాయికి రాదు.

“ముప్పై రెండండి లీలగారూ,” అన్నారు రంగరాజు గారు.

“ముప్పై రెండు,” అని నేర్చుకుని, ఆమె ఫోటో తీసింది.

అప్పుడు రంగరాజు గారు గడియారం చూసి, అందరినీ పక్కకు తోశారు. “జరగండి, జరగండి. బావగారూ, తమరు నిశ్చింతగా అటు తిరిగి తమరి ఐదు నిమిషాలూ చూసుకోండి. బస్సు నేనాపుతాను. భోజనం లేకపోతే లేకపోయింది, అరటిపళ్ళున్నాయి. మళ్ళీ ఎప్పుడొస్తామండి?”

ముప్పై ఒక్కరూ నిశ్శబ్దంగా వెనక్కి జరిగారు. బుల్లియ్య గారు చెప్పుల చప్పుడు రాకుండా నడిచారు. వాళ్ళను చూసి మిగతా జనం కూడా తప్పుకోవడంతో, గుమ్మం ముందు ఆ క్షణాన నేనొక్కణ్నే ఉన్నాను.

నేను లీ దగ్గరికి వెళ్ళి ఫోను తీసుకుని, రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసుకుని చూశాను.

“బావగారూ,” అన్నాను, “నేను కళ్ళు మూసుకున్నట్టున్నానండి. ఇంకొక్కటి తీయిద్దామా?”